ఒక్క డీఎన్‌ఏ పోగును పట్టుకోవాలంటే లెక్కలు రావాలి

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మొదటి సంవత్సరంలో 440కి 412 మార్కులు వచ్చాయి. నీట్ కోచింగ్‌లో చేర్పించాం. ఈ మధ్య లేజర్ కాంతితో ఒక్క డీఎన్‌ఏ అణువును పట్టుకుని లాగే వీడియో ఏదో చూసింది. అప్పటి నుంచి ఎంబీబీఎస్ వద్దు, ఆ చదువే చదువుతానంటోంది. అణువు అనగానే మా ఇంట్లో బాంబుల చదువనుకున్నారు. నేను మగ్గం వర్కు చేయిస్తాను, నా దగ్గర ఐదుగురు పనిచేస్తారు. అసలు ఇలాంటి చదువు ఉందా? హైదరాబాద్‌లో దొరుకుతుందా? ఎన్నేళ్లు పడుతుంది? చివరకు ఉద్యోగం వస్తుందా? పెళ్లి ఈడు దాటిపోతుందని మా అత్తగారి బెంగ.
– ఒక తల్లి, రామంతాపూర్

జవాబు: అమ్మా, ముందు బాంబుల సంగతి తేల్చేద్దాం. అణుబాంబులో పగిలేది పరమాణువు కేంద్రకం. కెమిస్ట్రీ పుస్తకంలో అణువు అంటే కొన్ని పరమాణువులు కలిసి కట్టుకున్న కట్ట. నీరూ అణువే, చక్కెరా అణువే, డీఎన్‌ఏ కూడా అణువే. కాకపోతే అది చాలా పొడవైనది. మన శరీరంలోని ఒక్క కణంలో ఉన్న డీఎన్‌ఏ అంతా సాగదీసి కలిపితే రెండు మీటర్లు వస్తుంది. మందం మాత్రం 2 నానోమీటర్లే, అంటే తల వెంట్రుక కన్నా దాదాపు నలభై వేల రెట్లు సన్నం. మీ అమ్మాయి చూసినది ఒంటి అణువు శాస్త్రం. అదీ జీవశాస్త్రమే, కానీ ఫిజిక్స్ వాళ్ల పనిముట్లతో చేసే జీవశాస్త్రం. మీ ప్రశ్నలన్నింటికీ జవాబు ఆ ఒక్క మాటలోనే ఉంది.

మీది దారంతో పని కాబట్టి మీకు చెప్పడం తేలిక. ఒక జరీ పోగును రెండు కొసలూ పట్టుకుని మెలి తిప్పుతూ పోండి. కొంతసేపు బిగుస్తుంది. ఆ తర్వాత చేతులు కాస్త దగ్గరకు తెచ్చారంటే తన మీద తానే చుట్టుకుని ముడులు ముడులుగా అవుతుంది, పొడవు తగ్గిపోతుంది. డీఎన్‌ఏ కూడా అచ్చంగా ఇదే చేస్తుంది. 1996లో పారిస్ శాస్త్రవేత్తలు దీన్ని ఒక్క పోగు మీద కొలిచి చూపించారు. పోగు ఒక కొసను గాజు పలకకు, రెండో కొసను అయస్కాంతానికి లొంగే ఒక చిన్న పూసకు అతికించారు. పైన అయస్కాంతాన్ని తిప్పితే పూస తిరుగుతుంది, పోగు మెలి పడుతుంది, పూస కిందికి దిగుతుంది. ఇప్పుడు అందులో టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్ వేస్తే అది పోగును కోసి, మెలి విప్పి, మళ్లీ అతికిస్తుంది. ఆ క్షణంలో పూస ఒక్కసారిగా పైకి లేస్తుంది. తెర మీద పూస ఎత్తును చూపే గీత మెట్టులా ఎగబాకుతుంది. ఒక ఎంజైమ్ చేసిన ఒక పనిని కళ్లారా చూడడం అంటే ఇదే.

ఇదంతా ఎందుకు అంటారా? మన ఇళ్లలో అందరికీ తెలిసిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర బ్యాక్టీరియాలోని ఇలాంటి ఎంజైమ్‌నే పట్టి ఆపుతుంది. క్యాన్సర్‌కు ఇచ్చే ఎటోపోసైడ్ మన కణాల్లోని టోపోఐసోమరేజ్ మీదే పనిచేస్తుంది.

మీ అమ్మాయి చూసిన లేజర్ పద్ధతి ఇంకొకటి. గురి పెట్టిన కాంతి మధ్యలో ఒక పూస చిక్కుకుని నిలబడిపోతుంది. ఆ పూసకు డీఎన్‌ఏ కట్టి ఉంటే కాంతితోనే లాగవచ్చు. దీన్ని కనిపెట్టిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో, 96 ఏళ్ల వయసులో, నోబెల్ వచ్చింది. గమనించండి, అది ఫిజిక్స్ నోబెల్. డీఎన్‌ఏను ఇలా లాగుతూ పోతే సుమారు 65 పికోన్యూటన్ల దగ్గర అది హఠాత్తుగా లొంగిపోయి ఒకటిన్నర రెట్లకు పైగా సాగుతుంది. 65 పికోన్యూటన్లంటే గ్రాములో పదిహేను కోట్లవ వంతు బరువు. అంత చిన్న బలాన్ని కొలవడానికి ఏ తరాజు ఉంటుంది? కాంతిలో పూస ఎంత జరిగిందో చూసి లెక్క కట్టాలి. లెక్క అన్నానా? దాని దగ్గరికే వస్తున్నాను.

ఒక్కొక్క అణువునే ఎందుకు చూడాలన్నది మీ మగ్గం దగ్గరే అర్థమవుతుంది. ఐదుగురు కలిసి ఒక బ్లౌజు నాలుగు రోజుల్లో ముగించారనుకోండి. ఆ నాలుగు రోజులు అనే అంకె చూస్తే ఎవరు ఆగారు, ఎవరు తప్పు కుట్టి విప్పి మళ్లీ కుట్టారు అన్నది తెలియదు. పరీక్షనాళికలో కోట్ల అణువులను కలిపి కొలిస్తే వచ్చేది అలాంటి సగటే. 2017లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు డీఎన్‌ఏ నకలు తీసే యంత్రాలను ఒక్కొక్కటిగా చూశారు. జంట పోగుల మీద పనిచేసే రెండు పాలిమరేజ్‌లు చెట్టపట్టాలు వేసుకుని నడుస్తాయని అప్పటిదాకా పుస్తకాలు చెప్పేవి. తీరా చూస్తే దేని దారి దానిదే. ఒకటి ఆగితే రెండోది సాగుతుంది. వేగాల్లో పది రెట్ల దాకా తేడా ఉంది.

ఆ మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో కండెన్సిన్ అనే ప్రొటీన్ డీఎన్‌ఏ పోగును తనలోంచి లాగుతూ ఉచ్చులా పెంచడాన్ని నేరుగా వీడియో తీశారు. డీఎన్‌ఏను మెలి తిరిగిన నిచ్చెన అనుకుంటే, సెకనుకు 1,500 మెట్ల దాకా లాగుతుందది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు మహీపాల్ గంజి. ఆయన ఇప్పుడు బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో ప్రయోగశాల నడుపుతున్నారు. ఇక ఈ చిన్న యంత్రాలన్నీ తినే తిండి ఏటీపీ. 1929లో దాన్ని వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మీ అమ్మాయికి ఈ దారి మరీ పరాయిదేమీ కాదు.

ఇప్పుడు వీడియోలో చూపించనిది చెబుతాను. ఈ పనిలో సగం కాలం గాజు పలకలు కడగడానికే పోతుంది. వాటిని క్షారంలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, ప్రొటీన్లు అంటుకోకుండా పైన ఒక పూత వేయాలి. ఒక్కోసారి రెండు రోజుల పని. ఎక్కడో ఒక దుమ్ము కణం పడితే మళ్లీ మొదటికి. ఆ తర్వాత చీకటి గదిలో, గాలి తిత్తుల మీద తేలే బల్ల ముందు కూర్చోవాలి. పక్క గది తలుపు గట్టిగా వేసినా గీత వణుకుతుంది. చాలా పూసలకు పోగు ఉండదు, కొన్నింటికి రెండు ఉంటాయి, సరిగ్గా ఒక్కటి ఉన్న పూస కోసం వెతుకుతూ ఉండాలి. అది దొరికేసరికి ఎంజైమ్ చచ్చి ఉంటుంది. మిగతా సగం కాలం కంప్యూటర్ ముందు. ఆ వణికే గీతలో ఏది మెట్టు, ఏది ఉత్త వణుకు అని తేల్చే ప్రోగ్రాం రాసుకోవాలి. పైథాన్, సంభావ్యత, కలనగణితం లేకుండా ఇది సాగదు.

అసలు చిక్కు ఇక్కడే. మార్కుల్లో మీ అమ్మాయికి లోటు లేదు. బైపీసీ అంటే పదో తరగతితోనే లెక్కలకు సెలవు పెట్టడం. మన దగ్గర ‘లెక్కలంటే భయమా, అయితే బైపీసీ’ అని పంచేస్తారు. ఈ పంపకం వల్ల ఎంత నష్టం జరుగుతోందో ఏటా చూస్తూనే ఉన్నాను. రెండేళ్లు వదిలేసిన లెక్కలు ఆమె తిరిగి అందుకోవాలి. ఆరేడు నెలలు రోజుకు గంటన్నర కూర్చుంటే అందుతాయి. జేఈఈ కోచింగ్‌కు మాత్రం పంపకండి, బెదిరిపోతుంది. మన ఇంటర్ బోర్డు 1ఏ, 1బీ, 2ఏ, 2బీ పుస్తకాలు చాలు. ఫంక్షన్లు, అవధులు, అవకలనం, సమాకలనం, సంభావ్యత అనే వరుసలో ఓపికగా చెప్పే మాస్టారిని చూడండి.

దారి విషయానికి వద్దాం. డిగ్రీలో ఈ పేరుతో ఒక కోర్సు ఉండదు. ఇది పీహెచ్‌డీలో చేసే పని. దానికి పునాదిగా నేను మొదట చెప్పేది ఐసర్‌లు, అంటే సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థలు. దేశంలో ఏడు ఉన్నాయి, మనకు దగ్గరిది తిరుపతి. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. మొదటి రెండేళ్లు సైన్సులకు గట్టి పునాది పడుతుంది, ఆ తర్వాత ఇష్టమైన వైపు మళ్లవచ్చు. బైపీసీ వాళ్లూ చేరవచ్చు. ప్రవేశానికి ఐఏటీ అనే ఐసర్‌ల సొంత పరీక్ష రాయాలి. జీవశాస్త్రం, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు తలా 15, మొత్తం 60 ప్రశ్నలు, మూడు గంటలు. ఒప్పుకు 4, తప్పుకు ఒక మార్కు కోత. లెక్కల్లో ఐదారు కచ్చితంగా చేసి, తెలియనివి వదిలేస్తే చాలు. మిగతా మూడింటికి నీట్ చదువే పనికొస్తుంది, కాబట్టి మీరు కట్టిన ఫీజు ఎక్కడికీ పోలేదు. ఐఏటీ సాధారణంగా నీట్ అయ్యాక కొద్ది వారాలకే ఉంటుంది. రెండూ రాయించండి. హైదరాబాద్‌లోనే ఉండాలంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఎంఎస్సీకి ప్రయత్నించవచ్చు. బెంగళూరు ఐఐఎస్సీ నాలుగేళ్ల బీఎస్‌కు మాత్రం ఇంటర్‌లో లెక్కలు ఉండి తీరాలి, అది మీ అమ్మాయికి కుదరదు.

నూరు శాతం ఉద్యోగం అని హోర్డింగులు పెట్టి బయోటెక్నాలజీ డిగ్రీ అమ్మే కాలేజీలకు వెళ్లే ముందు ఒక్క పని చేయండి. వాళ్ల ప్రయోగశాలలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ చూపించమని అడగండి. దాని మీద గుడ్డ కప్పి ఉంటే, ఆ గుడ్డ మీద దుమ్ము ఎంత ఉందో చూడండి.

ఎంఎస్సీ స్థాయి చదువు ముగిసేసరికి 22, 23 ఏళ్లు వస్తాయి. ఆపైన సీఎస్‌ఐఆర్ నెట్ లాంటి పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి తెచ్చుకుంటే పీహెచ్‌డీకి మీరు రూపాయి పెట్టనక్కర్లేదు. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. అప్పటికి చుట్టుపక్కలే చాలా ఉన్నాయి. హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ మీ ఇంటి వెనకాలే ఉన్నట్టు లెక్క. గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్ పరిశోధన కేంద్రం, కందిలో ఐఐటీ ఉన్నాయి. అయితే సంస్థ బోర్డు చూసి కాదు, ఏ గురువు గదిలో ఏ మైక్రోస్కోప్ ఉందో చూసి ఎంచుకోవాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఆ తర్వాత చాలామంది రెండు మూడేళ్లు విదేశాల్లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, చేస్తారు.

ఉద్యోగం గురించి తీపి మాటలు చెప్పను. దేశంలో ఈ పని చేసే ప్రయోగశాలలు తక్కువ, ప్రొఫెసర్ ఖాళీలు ఇంకా తక్కువ. జీనోమ్ వ్యాలీ కంపెనీలు లేజర్‌తో డీఎన్‌ఏ లాగేవాళ్లు కావాలని ప్రకటనలివ్వవు. అయినా ఈ పనిలో ఆరితేరినవాళ్లు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. ఎందుకంటే వాళ్లకు మైక్రోస్కోప్ విప్పి బిగించడం వస్తుంది, ప్రోగ్రాం రాయడం వస్తుంది, వణికే గీతలోంచి నిజాన్ని ఏరడం వస్తుంది. పరికరాలు తయారుచేసే కంపెనీలు, డేటా కంపెనీలు, ఔషధ పరిశోధన విభాగాలు ఈ మూడింటినీ అడుగుతాయి. ఈ రంగంలోంచే వ్యాపారాలూ పుట్టాయి. అరచేతిలో పట్టే నానోపోర్ యంత్రం ఒక్కో డీఎన్‌ఏ పోగును సన్నని రంధ్రంలోంచి దూర్చి సెకనుకు సుమారు 400 అక్షరాలు చదువుతుంది. అది ఒంటి అణువు శాస్త్రమే.

మీ అత్తగారి బెంగ సంగతి. పీహెచ్‌డీ అయ్యేసరికి 28, 29 ఏళ్లు వస్తాయి. చదువుతూ పెళ్లి చేసుకునేవాళ్లూ ఉన్నారు, వద్దనుకునేవాళ్లూ ఉన్నారు. అది మీ అమ్మాయి తేల్చుకోవలసిన విషయం. నన్ను మధ్యలోకి లాగకండి.

ఇక, ఇది వీడియో మోజా, నిజమైన ఇష్టమా అన్నది తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. పాల చుక్కను బాగా నీళ్లు కలిపి పలచన చేసి, కాలేజీ బోటనీ ల్యాబ్ మైక్రోస్కోప్ కింద 45 రెట్ల కటకంతో చూడమనండి. సన్నని కొవ్వు బిందువులు ఆగకుండా తచ్చాడుతూ కనిపిస్తాయి. నీటి అణువులు నాలుగు వైపుల నుంచీ గుద్దడం వల్ల వచ్చే కదలిక అది. తలుపు చప్పుడు లేకపోయినా ల్యాబ్ గీతలన్నీ వణికేది దానివల్లే. ఐపీస్ మీద ఫోను ఆనించి ఐదు నిమిషాల వీడియో తీయాలి. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క బిందువును ఎంచుకుని, సెకనుకొకసారి అది ఎక్కడుందో గుర్తించి, 300 చుక్కలు గ్రాఫ్ కాగితం మీద పెట్టాలి. ఒక సెకనులో, నాలుగు సెకన్లలో, తొమ్మిది సెకన్లలో సగటున ఎంత దూరం జరిగిందో లెక్క కట్టాలి. కాలం నాలుగు రెట్లయితే దూరం రెండు రెట్లే అవుతుంది. అలా ఎందుకో తనంతట తానే వెతుక్కోవాలి.

యాభై చుక్కల దగ్గర విసుగొచ్చి వదిలేస్తే కోప్పడకండి. డాక్టర్ చదువు ఎలాగూ చేతిలో ఉంది. అలా కాకుండా, బిందువు గాజుకు అతుక్కుపోయింది, లెక్క పాడైంది, రేపు మళ్లీ తీస్తాను అంటూ ఇంటికి వస్తే, ఆ సాయంత్రమే లెక్కల మాస్టారికి ఫోను చేయండి.