వాచింది ఒక పన్ను, తీసేది నాలుగా?

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు. ఒంగోలులో బీటెక్ చదువుతున్నాడు. ఎడమవైపు కింది జ్ఞానదంతం సగం వచ్చి ఆగిపోయింది. సంక్రాంతికి చిగురు వాచి నోరు తెరవలేకపోయాడు. మాత్రలతో తగ్గింది. ఉగాదికి మళ్లీ అదే గొడవ. ఒక డాక్టరు నాలుగు జ్ఞానదంతాలూ తీసేయాలన్నారు. పన్ను పీకిస్తే చూపు మందగిస్తుందని మా అత్తగారు అడ్డుపడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కావలి

జవాబు: ముందు మీ అత్తగారి భయం తీర్చేద్దామమ్మా. చూపు నరం వేరు, పళ్ల నరాలు వేరు. పన్ను తీస్తే కళ్లకేమీ కాదు. చూసుకోవాల్సిన నరం ఒకటుంది గానీ, అది కింది పెదవికి పోయేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

జ్ఞానదంతాలు మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల లోపు వస్తాయి. అప్పటికి దవడలో చోటు లేకపోతే అడ్డంగానో, ముందు పన్ను మీదికి ఒరిగో ఇరుక్కుంటాయి. సగమే వచ్చిన పన్ను మీద చిగురు మూతలా కప్పుకుని ఉంటుంది. దాని కిందికి అన్నం మెతుకు పోతుంది, బ్రష్ పోదు. అక్కడే చీము పడుతుంది. పైగా, వాచిన ఆ చిగురునే పైపన్ను మళ్లీ మళ్లీ నొక్కుతుంటుంది. మాత్రలు వేస్తే వాపు తగ్గుతుంది గానీ ఆ సందు ఎక్కడికీ పోదు. మెడికల్ షాపులో అడిగి అదే మాత్ర మళ్లీ తెచ్చుకోవద్దు. రెండుసార్లు వాచిన పన్నును నేనైతే ఉంచను. తీయించేయండి.

మిగతా మూడింటి విషయం వేరు. ఓపీజీ ఎక్స్‌రే తీయిస్తే రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో కనబడతాయి. తిన్నగా వచ్చి, పుచ్చు లేకుండా, బ్రష్ అందుతున్న పన్ను జోలికి పోనక్కర్లేదు. జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2000లోనే చెప్పింది. ‘ఎలాగూ వచ్చారు కదా, నాలుగూ తీసేద్దాం’ అనే పద్ధతి నాకు నచ్చదు. ఎడమ పైపన్ను కింది చిగురును బాగా గాయం చేస్తుంటే దాన్ని కూడా తీయాల్సి రావచ్చు. ఏ పన్ను ఎందుకు తీస్తున్నారో విడివిడిగా అడగండి. మొహమాటపడొద్దు.

ఇందాకటి నరం దారి కూడా ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. పన్ను వేళ్లు దానికి ఆనుకుని ఉంటే, తీశాక పెదవి, గడ్డం తిమ్మిరెక్కినట్టు ఉండొచ్చు. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది, అరుదుగా ఉండిపోతుంది. అలాంటి పన్నును ఓరల్ సర్జన్ చేతే తీయించాలి.

తీశాక గాజు గుడ్డను అరగంటైనా గట్టిగా కొరికి పట్టుకోవాలి. గుంటలో గడ్డకట్టే రక్తమే పుండును మాన్పుతుంది. మొదటిరోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, కొబ్బరినీళ్లయినా స్ట్రాతో పీల్చకూడదు. సిగరెట్ అసలొద్దు. మావాడికి అలవాటు లేదంటారా, అయినా ఒక మాట వాడి చెవిన వేయండి. ఆ గడ్డ ఊడిపోతే మూడోరోజుకల్లా చెవిదాకా పోటు మొదలవుతుంది. చల్లటి పెరుగన్నం పెట్టండి. చేపల పులుసుకు వారం ఆగమనండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించవచ్చు. వాపు రెండుమూడు రోజులు పెరిగినా టెన్షన్ పడొద్దు. మెడ కిందికి దిగినా, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. ఎక్స్‌రేలో ఒక జ్ఞానదంతం ఎముకలోనే అడ్డంగా కనిపించింది. నొప్పి లేదు. పళ్లు చిన్నప్పటి నుంచీ గోధుమరంగే. ఈ పన్ను తీయించాలా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: దాని చుట్టూ నీటితిత్తి లేదని, ముందు పన్ను దెబ్బతినలేదని డాక్టరు చెబితే ఉంచుకోండి. ఏడాదికో రెండేళ్లకో చూపించుకుంటే చాలు. ఆ రంగు మీ వైపు బోరునీళ్ల ఫ్లోరైడ్ వల్ల కావచ్చు, ఈ పన్నుకు సంబంధం లేదు. ఇప్పటి ఎక్స్‌రే మాత్రం పారేయకండి, మళ్లీ తీసినప్పుడు పక్కన పెట్టి చూడాలి.