సమాధానం: నా రిపోర్ట్ ఫ్రెండ్‌కి పంపితే, నేనే కాపీ కొట్టానంటున్నారు

తమ్ముడూ, ఫార్మాట్ చూసుకుంటానంటే నీ ల్యాబ్ రిపోర్ట్ పంపావు. వాడు దాన్నే అటూ ఇటూ మార్చి సబ్మిట్ చేశాడు. ఇప్పుడు ఇద్దరి మీదా కాపీ ఆరోపణ. నీకు నిద్ర పట్టట్లేదంటే అర్థం చేసుకోగలను. ముందు ఒక్క మాట: ఏదీ డిలీట్ చెయ్యకు, వాట్సాప్ చాట్ కూడా. చెరిపేస్తే దాచినట్టే అనుకుంటారు.

రాసింది నువ్వేనని చూపించే దారి ఉంది. గూగుల్ డాక్స్‌లో రాసుంటే ఫైల్ మెనూలో వర్షన్ హిస్టరీ తెరువు. ఏ రోజు ఎన్నింటికి ఏ పేరా రాశావో, ఏది కొట్టేసి మళ్లీ రాశావో వరుసగా కనిపిస్తుంది. కాపీ చేసి అతికించిన ఫైల్‌లో అయితే పేజీలకు పేజీలు ఒక్కసారే వచ్చి పడతాయి. వర్డ్ ఫైల్ వన్‌డ్రైవ్‌లో సేవ్ అయినా పాత వర్షన్లు దొరుకుతాయి. లెక్కలు వేసుకున్న చిత్తు కాగితాలూ తీసి పెట్టుకో.

ఇక చేదు మాట. చాలా కాలేజీల్లో కాపీ కొట్టడమే కాదు, కొట్టడానికి ఇవ్వడం కూడా తప్పే. కాబట్టి "నాకేం సంబంధం లేదు" అనకు. "రిపోర్ట్ పూర్తిగా నేనే రాశాను. ఫలానా రోజు చూసుకోమని పంపాను. అలా పంపకుండా ఉండాల్సింది." ఇంతే చెప్పు. ఫ్రెండ్‌తో కలిసి కథ మాత్రం అల్లొద్దు, దయచేసి.

దీని మీద కాలేజీ వాళ్లు పిలిచే మీటింగ్‌కి ముందే ఆరోపణ ఏమిటో, ఏ భాగాలు కలిశాయో రాతపూర్వకంగా అడుగు. ఆ రోజు ల్యాబ్ నోట్‌బుక్ పట్టుకెళ్లు. మూడో రీడింగ్ ఎందుకు తేడాగా వచ్చిందని అడిగితే, చేసినవాడివి గనక నువ్వు చెప్పగలవు.