బ్రిటిష్ నౌకాదళ అధికారి డేవిడ్ బీటీ 38 ఏళ్లకే అడ్మిరల్ ఎలా కాగలిగాడు?

ముఖ్యంగా యుద్ధరంగం వల్ల. బీటీ 1884లో పదమూడో ఏట శిక్షణ నౌక ‘బ్రిటానియా’లో చేరాడు. చదువులో మెరిసిన రకం కాదు. సూడాన్‌లో నైలు నది మీద గన్‌బోట్లు (ఫిరంగులున్న చిన్న పడవలు) నడిపి బ్రిటిష్ సేనాని కిచెనర్ కంట్లో పడ్డాడు. 1900లో చైనాలో విదేశీయులపై రేగిన బాక్సర్ల తిరుగుబాటప్పుడు గాయపడి, 29 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడు. మిగతావారికి ఆ హోదా సాధారణంగా నలభై దాటాకే అందేది.

1910లో రియర్ అడ్మిరల్ (అడ్మిరల్ హోదాల్లో మొదటి మెట్టు) హోదాకు అవసరమైన సముద్ర సేవాకాలం ఆయనకు లేదు. ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి మరీ ఇచ్చారు. రాజకుటుంబీకులను మినహాయిస్తే, ప్రఖ్యాత బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ తరువాత అంత చిన్న వయసు అడ్మిరల్ ఆయనే. భార్య షికాగో కోటీశ్వరుడు మార్షల్ ఫీల్డ్ కూతురు కావడంతో జీతం మీద బెంగ లేదు. ఇచ్చిన పదవి నచ్చక కాదన్నాడు కూడా! అక్కడితో కథ ముగిసేదే. కానీ 1912లో నౌకాదళ మంత్రి చర్చిల్ తన కార్యదర్శిగా తీసుకున్నాడు. ఏడాదికే బ్యాటిల్‌క్రూజర్ల (వేగంగా కదిలే భారీ యుద్ధనౌకల) దళం చేతికొచ్చింది.

టోపీ ఓరగా, కోటుకు ఎనిమిదికి బదులు ఆరు గుండీలు: ఆయన వేషమది. 1916 మే 31న, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ నౌకాదళంతో తలపడిన జట్లాండ్‌లో అరగంట లోపే ఆయన నౌకలు రెండు పేలిపోయి, రెండు వేలకు పైగా నావికులు మరణించారు. వేగంగా కాల్చాలన్న తొందరలో మందుగుండు భద్రతను గాలికొదిలేయడం పెద్ద కారణం. ఆ తప్పులో బీటీకి వాటా ఉందనే నా అభిప్రాయం. అయినా అదే ఏడాది చివర్లో బ్రిటన్ ప్రధాన నౌకాబలమైన గ్రాండ్ ఫ్లీట్ అధిపతి అయ్యాడు. 1919 నుంచి 1927 వరకు బ్రిటిష్ నౌకాదళ అధినేత, అంటే ఫస్ట్ సీ లార్డ్‌గా పనిచేశాడు.