స్వస్తిక్ అంటే ఉలిక్కిపడే ప్రపంచం మిగతా జెండాల్ని ఎందుకు పట్టించుకోదు?

ఈ ప్రశ్న వేస్తే చాలామంది చచ్చినవాళ్ళ లెక్కలు తీస్తారు. నేనొప్పుకోను. నా లెక్క వేరే.

2012లో విశాఖ మద్దిలపాలెంలో మా గృహప్రవేశం. మా కంపెనీకి పనిమీద వచ్చిన కొరియా ఇంజనీరుగారిని కూడా పిలిచాను. గుమ్మానికి పసుపు రాసి కుంకంతో ఇంత స్వస్తిక్ వేశారు. పైదేశం మనిషి, ఏమనుకుంటారో అని రాత్రంతా ఉపన్యాసం బట్టీ పట్టాను: ఇది మాది, హిట్లర్ పార్టీ 1920లో ఎత్తుకుపోయింది అని. ఆయన గుమ్మం చూసి నవ్వారు. వాళ్ళ మ్యాపుల్లో బౌద్ధ గుడికి దాదాపు అదే గుర్తట!

మజ్జిగ గ్లాసులు తెచ్చిన మా మేనల్లుణ్ణి చూశాక మాత్రం ఆయన మొహం మాడిపోయింది. వాడి టీషర్టు మీద ఎర్ర సూరీడు, చుట్టూ 16 కిరణాలు. జపాన్ నావికాదళం 1889లో ఎత్తిన జెండా. 1910 నుంచి 1945 దాకా కొరియా నలిగింది ఆ సూరీడు కిందే. గ్లాసు అందుకున్నారు గానీ తాగలేదు.

సంగతి విని మా మామ్మ టీషర్టు పట్టుకుని చూసింది. "సూరీడు బొమ్మే కదేటి, దీనికంత కోపమెందుకు బాబూ?" 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేసినప్పుడు ఆవిడకి పదేళ్ళు. "ఎసట్లో బియ్యం ఎసట్లోనే వొగ్గేసి, బండి కట్టుకుని ఎస్.కోట పోనాం" అని వెయ్యిసార్లు చెప్పిన మనిషి. చప్పుడు విన్నది గానీ జెండా చూళ్ళేదు. నా బడిపుస్తకంలోనూ 1942 అంటే క్విట్ ఇండియానే, ఊరిమీద పడ్డ బాంబు గురించి ఒక్క ముక్క లేదు. పైగా మా లెక్కల మాస్టార్ని హిట్లర్ అనేవాళ్ళం, ఆయన మురిసిపోయేవారు!

ఓ జెండాని చూసి ఒళ్ళు మండాలంటే దాని కింద ఏళ్ళ తరబడి బతికుండాలి, ఆ బాధ చెప్పుకునే నోరుండాలి. అన్నిటికీ మించి ఆ జెండావాడు చిత్తుగా ఓడి, తనే సిగ్గుపడాలి. జర్మనీ పడింది. అక్కడ నాజీ గుర్తు నలుగురిలో ప్రదర్శిస్తే మూడేళ్ళ దాకా జైలు. జపాన్ 1954లో అదే సూరీణ్ణి మళ్ళీ ఓడలకెక్కించింది. 2018లో తమ జెజు దీవిలో జరిగే నౌకా సమీక్షకి ఆ జెండా లేకుండా రమ్మని దక్షిణ కొరియా అడిగితే జపాన్ రావడమే మానేసింది. 2020లో ఆ నావికాదళమే ‘మలబార్’ అనే ఉమ్మడి నౌకా విన్యాసాలకి మన విశాఖ తీరానికొస్తే మనకి చీమ కుట్టినట్టయినా లేదు. ఇక 1943 బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షలమంది పోయారు. అప్పుడు మనల్ని ఏలిన బ్రిటిష్‌వాడు యుద్ధం గెలిచాడు, సిగ్గుపడే అవసరం రాలేదు.

మా వాడు లోపలికెళ్ళి చొక్కా మార్చుకొచ్చాడు. ఈసారి యూనియన్ జాక్. మామ్మ దాన్ని మాత్రం టక్కున గుర్తుపట్టింది. "దొరల జెండా గదరా ఇది!"

ఎవరూ ఏమీ అనుకోలేదు. కొరియా ఆయన మజ్జిగ తాగారు.