నేచర్ పార్కులో ఉడుతలు తప్ప ఏమీ కనిపించడం లేదంటే

గేటు దగ్గర బోర్డు మీద అన్ని జంతువుల బొమ్మలు వేశారు, పిల్లలతో ట్రైల్ మొత్తం తిరిగొచ్చినా ఉడుతలు తప్ప ఏమీ కనిపించలేదు, బైనాక్యులర్స్ కొనాలా, ఇంకా పెద్ద ట్రైల్ పట్టాలా అని అడిగారు. బైనాక్యులర్స్ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ తిరగడం తగ్గించండి. మనం నడుస్తున్నంతసేపూ మన అడుగుల చప్పుడు, మాటలు మనకంటే ముందే వెళ్ళిపోతుంటాయి. మనం చేరేసరికి అక్కడ ఉన్నవన్నీ పొదల్లోకో నీళ్ళలోకో సర్దుకుంటాయి.

నేను కొన్నేళ్ళుగా మా దగ్గరి పార్కుకి వెళ్తున్నాను. ఇప్పుడు నడిచేది తక్కువ. వాగు మలుపు తిరిగే చోట ఒక చెట్టు మొదట్లో కూర్చుంటాను, అంతే. మొదటి పది నిమిషాలు ఏమీ ఉండదు, దోమలు తప్ప. ఆ తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ తమ పనుల్లో పడతాయి. కప్ప తల పైకి పెడుతుంది, తాబేలు దుంగ ఎక్కుతుంది, అప్పటిదాకా రాయి అనుకున్నది కొంగ అని తెలుస్తుంది. తెల్లవారాక మొదటి గంట, పొద్దు గుంకే ముందు గంట మంచి సమయాలు. మధ్యాహ్నం ఎండలో పిట్టలు కూడా నీడ చూసుకుంటాయి.

ఉడుతల్ని మాత్రం తీసిపారేయకండి. అవి మనకంటే మంచి కాపలాదారులు. ఉడుత తోక విదిలిస్తూ ఆగకుండా అరుస్తోందంటే అది ఎటు చూస్తోందో మీరూ అటు చూడండి. పిల్లో పామో డేగో ఉండే అవకాశం ఎక్కువ. పిట్టల హెచ్చరిక కూతల్ని కూడా ఉడుతలు విని జాగ్రత్తపడతాయి. నేను గుడ్లగూబను మొదటిసారి పట్టపగలు చూసింది అలాగే. చిన్న పిట్టలన్నీ ఒక కొమ్మ చుట్టూ చేరి గోల చేస్తుంటే ఏమిటా అని చూశాను. ఆ గోలంతా దాన్ని అక్కడి నుంచి వెళ్ళగొట్టడానికే.

వాగు విషయానికొస్తే, అంతా ఒకేలా ఉండదు. రాళ్ళ మీద నుంచి గలగలా పారే చోట్లు ఉంటాయి, నీళ్ళు నిదానించే మడుగులు ఉంటాయి. మడుగు మీదికి వంగిన కొమ్మ ఉంటే లకుముకి పిట్ట కోసం చూడండి. అది ఒకే కొమ్మకి మళ్ళీ మళ్ళీ వస్తుంది, కాబట్టి ఒకసారి ఎగిరిపోయినా కదలకండి. నీళ్ళలో దూకి చేపను తెచ్చి, కొమ్మకేసి కొట్టి, తల వైపు నుంచి మింగుతుంది. మట్టి గట్టులో గుండ్రటి బొరియ, దాని కింద తెల్లటి రెట్ట చారలు ఉంటే అది దాని గూడు కావచ్చు. అలాంటి చోట దగ్గరికి వెళ్ళకండి, మీరు అక్కడున్నంతసేపూ అది లోపలికి పోదు.

పిల్లలకి అసలు మజా గలగలా పారే చోట ఉంది. నురగలు కక్కుతూ పారే నీళ్ళలో గాలి బాగా కలుస్తుంది, అందుకే రాళ్ళ కింద పురుగులు ఎక్కువ. మా అక్క కొడుకు కూర్చోమంటే కూర్చునే రకం కాదు. వాడి చేత లోతులేని చోట ఒక రాయి తిప్పించి, దాన్ని తెల్లటి ట్రేలో నీళ్ళు పోసి కడిగించాను. మిగతా పొద్దంతా వాడు అక్కణ్ణుంచి లేవలేదు. ట్రేలో కనిపించే పురుగుల్లో తోక దగ్గర మూడు పోగులున్నవి సాధారణంగా మేఫ్లై పిల్లలు (మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై మూడూ పెద్దయ్యాక రెక్కలొచ్చి ఎగిరే పురుగులే), రెండే ఉంటే స్టోన్‌ఫ్లై అయ్యే అవకాశం ఎక్కువ. ఇసుక రేణువులో పుల్లలో అతికించుకుని గొట్టంలాంటి ఇల్లు కట్టుకున్నవి క్యాడిస్‌ఫ్లై పిల్లలు. స్టోన్‌ఫ్లై పిల్లలకి మురికి అసలు పడదు, అవి కనిపిస్తే మీ వాగు బాగున్నట్టే. అడుగున సన్నటి ఎర్ర పురుగులే ఉన్నాయంటే అనుమానించాలి. వాటి ఒంట్లో ఆక్సిజన్‌ని పట్టి ఉంచే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్ళలోనూ బతికేస్తాయి.

తూనీగ పిల్ల దొరికితే మీ అదృష్టం. కింది దవడను చెయ్యి చాపినట్టు ముందుకు విసిరి వేటాడుతుంది, పెద్దదైతే చిన్న చేపల్ని కూడా పడుతుంది. రెల్లు కాడల్ని పట్టుకుని ఉన్న దాని ఖాళీ తొడుగులు చూపించినా చాలు, ‘ఇందులోంచా ఎగిరింది’ అని పిల్లలు నమ్మరు. చూశాక పురుగుల్ని నీళ్ళలో వదిలి, రాయిని మునుపున్నట్టే పెట్టించండి. అది వాటి ఇంటి పైకప్పు.

గట్టు మీద బురదలో అడుగులు కూడా చూడండి. కుక్క అడుగులో గోళ్ళ గుర్తులు పడతాయి, పిల్లి అడుగులో మామూలుగా పడవు, నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. రాత్రి ఎవరొచ్చి వెళ్ళారో అలా తెలుస్తుంది.

బైనాక్యులర్స్ కొనేట్టయితే 8×42 సరిపోతుంది. 8 అంటే అన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 10 రెట్లవి ఇంకా బాగుంటాయనిపిస్తుంది కానీ చెయ్యి కొంచెం వణికినా బొమ్మ ఊగిపోతుంది, పిల్లలకి మరీ కష్టం. నా మాటకైతే ముందు పోలరైజ్డ్ కళ్ళద్దాలు తెచ్చుకోండి. నీటి మీద మెరుపు తగ్గి లోపలి చేపలు కనిపిస్తాయి. ఫోన్‌లో పిట్టల కూతలు పెట్టి పిలవడం మాత్రం వద్దు. ఇంకో పిట్ట తన చోటు ఆక్రమించిందనుకుని గూడు వదిలి కొట్లాటకి వస్తుంది.

పిల్లలు నీళ్ళలో ఉన్నప్పుడు ఒక కన్ను రంగు మీద ఉంచండి. తేటగా ఉన్న వాగు ఉన్నట్టుండి బురదగా మారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే పైన ఎక్కడో వాన పడిందన్నమాట. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, వెంటనే గట్టెక్కేయండి.

ట్రైల్ విషయంలో చిన్నదే మేలు. మ్యాపులో చూసి, వాగుని ఎక్కువ చోట్ల తాకేదాన్ని పట్టుకోండి. పెద్దది వ్యాయామానికి బాగుంటుంది, అది వేరే రోజు పెట్టుకోవచ్చు.