కుర్చీలు మోయడానికా ఫీజులు కట్టింది?

ఉప్పల్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరాన్ని కొంచెం కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

"మా అబ్బాయి బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. ఒక్కడే కొడుకు. ఇంట్లో తిన్న కంచం కూడా తీయనివ్వం. కాలేజీ ఫెస్ట్‌కి వాలంటీర్‌గా చేరి రెండు నెలలుగా రాత్రి తొమ్మిది దాటాక ఇంటికొస్తున్నాడు. అక్కడేం చేస్తున్నావురా అంటే కుర్చీలు వేయించడం, పేర్లు రాసుకోవడం, భోజనం టోకెన్లు ఇవ్వడం అంటాడు. లక్షలు ఫీజు కట్టింది కుర్చీలు మోయడానికా? మా ఆడపడుచు కొడుకు అప్పుడే అమీర్‌పేటలో పైథాన్ కోర్సు పూర్తి చేశాడు. మావాడికి కోచింగ్ మంచిదా, ఇంటర్న్‌షిప్ మంచిదా, ఈ వాలంటీర్ పనులే చేసుకోనివ్వాలా? తెలిసినవాళ్లేమో క్యాంపస్ అంబాసిడర్‌గా చేరితే లీడర్‌షిప్ సర్టిఫికెట్ వస్తుందంటున్నారు. 2,000 రూపాయలు కట్టాలట. కట్టమంటారా?"

అమ్మా, ఇన్ని ప్రశ్నలు అడిగారు గానీ మీ బాధంతా ఆ కుర్చీల మాటలోనే ఉంది. ఫెస్టులు జరిగే రోజుల్లో నాకు ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. ఒకరు బ్యానర్లు కడుతున్నాడని రాస్తారు, ఒకరు అతిథుల కార్ల వెంట తిరుగుతున్నాడని రాస్తారు. లోపలున్న భయం మాత్రం ఒక్కటే. మా పిల్లవాడు వెనకబడిపోతున్నాడు, పైగా ఎవరికో ఊడిగం చేస్తూ వెనకబడిపోతున్నాడు అని.

ముందు ఆ భయం దింపుకోండి. రెండో సంవత్సరంలో రెండు నెలలు ఫెస్ట్ పనిలో తిరిగినందుకు ఎవరి జీవితమూ పాడు కాలేదు. పైథాన్ ఈ వేసవిలో నేర్చుకోవచ్చు, వచ్చే వేసవిలోనూ నేర్చుకోవచ్చు. మీ ఆడపడుచుగారి అబ్బాయి ముందుగా నేర్చుకున్నాడు, సంతోషం. ఆ కోర్సు ఎక్కడికీ పారిపోదు.

ఇక కుర్చీల సంగతి. 400 మంది వచ్చే హాల్లో కుర్చీలు వేయించాలంటే ఏమేం చేయాలో ఎప్పుడైనా మీ అబ్బాయిని అడిగారా? టెంట్ హౌస్ వాళ్లతో రేటు మాట్లాడాలి. అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకోవాలి. లారీ ఎన్నింటికి వస్తుందో, గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి వదులుతాడో లేదో చూసుకోవాలి. దించడానికి పదిమంది ఫ్రెండ్స్ వస్తామంటారు, నలుగురే వస్తారు. ఆ నలుగురితోనే పని అవ్వాలి. రాత్రి కార్యక్రమం ఉంటే 10 గంటలకల్లా మైకు ఆపాలన్న నిబంధన గుర్తుంచుకోవాలి. స్టేజీ మీద పాడేవాడు దిగనంటే, వాడు సీనియర్ అయినా సరే, వెళ్లి చెప్పాలి.

అసలు విషయం ఇక్కడే ఉంది. జీతం ఇచ్చేవాడి మాట అందరూ వింటారు, మార్కులు వేసే మేడమ్ మాటా వింటారు. వాలంటీర్లకు జీతం లేదు, మార్కులూ లేవు. రేపటి నుంచి రానంటే చేయగలిగిందేమీ లేదు. అలాంటి తోటి పిల్లల చేత, స్నేహం చెడకుండా, పని పూర్తి చేయించడం నేర్చుకున్నవాడికి ఆఫీసులో నలుగురిని నడిపించడం కష్టమనిపించదు. అందరికంటే ముందు తను వస్తే తప్ప మిగతావాళ్లు రారని వాడికి తెలుస్తుంది. "ఎవరైనా ఆ పని చూడండిరా" అంటే ఎవరూ చూడరని, పేరు పెట్టి, టైమ్ చెప్పి అప్పగించాలని తెలుస్తుంది. పదిమందిలో కోప్పడితే ఆ మనిషి మళ్లీ కనిపించడనీ తెలుస్తుంది. ఈ పాఠాలు ఏ క్లాసులోనూ చెప్పరు. చెప్పినా ఒంటబట్టవు.

నా సంగతి చెప్తాను. డిగ్రీలో నేను ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్‌ని. ఒక సభకు వచ్చే పెద్దమనిషిని నాంపల్లి స్టేషన్ నుంచి తీసుకొచ్చే బాధ్యత నాకు ఇచ్చారు. రైలు వచ్చే టైమ్ తప్పుగా రాసుకుని డ్రైవర్‌కి అదే చెప్పాను. ఆయన స్టేషన్ బయట గంటకు పైగా నిలబడ్డారు. మా సార్ అడిగితే డ్రైవర్ లేటుగా వచ్చాడని చెప్పేశాను. సాయంత్రానికి నిజం తెలిసిపోయింది. సార్ నన్నొక్క మాట అనలేదు. డ్రైవర్ దగ్గరికి తీసుకెళ్లి, "ఏం జరిగిందో ఈయనకు నువ్వే చెప్పు" అని పక్కన నిలబడ్డారు. ఆ ఐదు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు నాదైనప్పుడు నాదేనని చెప్పడం నేను అక్కడే నేర్చుకున్నాను.

ఇంటర్వ్యూల్లో అడిగేదీ ఇదే. నానక్‌రామ్‌గూడలో 2019లో అమెజాన్ తెరిచిన పెద్ద క్యాంపస్ మీరూ చూసే ఉంటారు. ఆ కంపెనీ తాము మనుషుల్లో వెతికే లక్షణాలను 16 సూత్రాలుగా రాసి వెబ్‌సైట్‌లోనే పెట్టింది. బాధ్యత తనదనుకుని పనిచేయడం వాటిలో ఒకటి. వాటి మీద ప్రశ్న వేస్తే నువ్వు నిజంగా చేసిన పని ఒకటి చెప్పమంటారు. నేను మరో ఇద్దరితో కలిసి ప్రశ్నలు అడగడానికి కూర్చున్న ఒక మాక్ ఇంటర్వ్యూలో (అభ్యాసం కోసం పెట్టేది) ఒకబ్బాయి పదకొండు సర్టిఫికెట్లున్న ఫైలు తెచ్చాడు. వాటిలో ఒక్కదాని గురించి చెప్పమంటే నాలుగు వాక్యాలు రాలేదు. తర్వాత వచ్చిన అబ్బాయి దగ్గర ఒక్క కాగితమూ లేదు. ఫెస్ట్‌లో భోజనాలు తనకు అప్పగించారట. 400 మంది పేర్లిచ్చారని 400 ప్లేట్లు చెప్పాడు, వచ్చింది 260 మంది. మిగిలిన ప్లేట్లకూ డబ్బు కట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది రెండు రోజుల ముందే అందరికీ ఫోన్ చేసి, వస్తామని గట్టిగా చెప్పినవాళ్లనే లెక్కలోకి తీసుకున్నాడు. ఏ సొగసూ లేకుండా చెప్పాడు. మేం ముగ్గురం ఎక్కువ మార్కులు వేసింది ఆ అబ్బాయికే.

క్యాంపస్ అంబాసిడర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఈమధ్య ప్రతి ఇంట్లో ఈ మాట వినిపిస్తోంది, నాకు దాని మీద అనుమానాలూ ఎక్కువే. చాలా చోట్ల అది నడిచే తీరు ఇది. ఒక కోర్సులమ్మే కంపెనీ మీ అబ్బాయికి ఒక పెద్ద హోదా, ఒక రెఫరల్ కోడ్ ఇస్తుంది. వాడు ఆ పోస్టర్లను క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి, ఫ్రెండ్స్ చేత ఆ కోడ్‌తో రిజిస్టర్ చేయించాలి. ఇంతమంది చేరితే సర్టిఫికెట్, అంతమంది చేరితే టీషర్టు. అది కంపెనీకి జీతం లేని సేల్స్ పని. సేల్స్ తక్కువ పనేమీ కాదు. అయితే దాన్ని ఆ పేరుతోనే పిలిచి, చేసిన పనికి డబ్బివ్వాలి. ఇక్కడ ఖర్చయ్యేది మీ అబ్బాయి పరిచయాలు. రోజూ లింకులు పంపేవాడి మెసేజ్‌లు నెల తిరిగేసరికి ఎవరూ తెరవరు. రేపు నిజంగా అవసరమై అడిగినా తెరవరు.

పైగా మీ దగ్గర ముందే 2,000 అడుగుతున్నారు. పని ఇచ్చేవాడు డబ్బు అడిగాడంటే ఇక్కడ సరుకు మీ అబ్బాయే అని అర్థం. కట్టకండి. అన్నీ ఇలాగే ఉంటాయని నేననను. స్టైపెండ్ ఇచ్చి, కాలేజీలో వర్క్‌షాప్ పెట్టించి, ఆ పనిని దగ్గరుండి చూసే మనిషిని కేటాయించే సంస్థలూ కొన్ని ఉన్నాయి. అలాంటిది దొరికితే చేరవచ్చు. చేరేముందు ఒక్కటి అడగమనండి: "నా పని ఎవరు చూస్తారు, తప్పు చేస్తే ఎవరు చెప్తారు?" దీనికి ఒక మనిషి పేరు చెప్పలేకపోతే వదిలేయడం మంచిది.

సర్టిఫికెట్ కావాలనే మీకుంటే కాలేజీలోనే ఎన్‌ఎస్‌ఎస్ ఉంటుంది. గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం అది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు ఉంటాయి. కాగితానికే బరువున్న చోటు ఇంకొకటి ఉంది, ఎన్‌సీసీ. అందులో సీ సర్టిఫికెట్‌ను మంచి గ్రేడుతో సంపాదించి డిగ్రీలో 50 శాతం తెచ్చుకున్నవాళ్లు, సైన్యంలో అధికారిగా చేరడానికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ (సైనిక అధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ దాకా వెళ్లే దారి ఉంది. మీ అబ్బాయికి అటువైపు మనసుంటే అది వేరే సంగతి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అనాలి, బాధపడకండి. తిన్న కంచం కూడా తీయనివ్వమని గొప్పగా రాశారు. ఇరవై ఏళ్లు నిండబోతున్న కొడుకును ఇంట్లో ఏ పనీ ముట్టనివ్వకుండా పెంచి, రేపు వాడు లీడర్ కావాలంటే ఎలా అవుతాడమ్మా? బయట ఎవరో నమ్మి వాడికి ఒక పని అప్పగించారు. మీరు ఇంట్లో చేయని పని అది. కుర్చీలు మోయడం తక్కువ పని అన్నారు. ఆ కుర్చీలను రోజూ మోసి బతికే టెంట్ హౌస్ కుర్రాళ్లున్నారు. వాళ్లతో కలిసి నాలుగు రోజులు చెమటోడిస్తే మీవాడికి పోయే పరువేమీ లేదు. రేపు వాడి కింద పనిచేసేవాళ్లను మర్యాదగా పలకరించడం వస్తుంది. అన్నం తినేటప్పుడు బావ కోర్సు సంగతి ఎత్తడం కూడా ఆపండి. ఇన్నేళ్లుగా ఇంతమంది పిల్లలతో మాట్లాడాను. పోలిక వల్ల చదివినవాడిని నేను చూడలేదు, ఇంట్లో మాట్లాడటం మానేసినవాళ్లను మాత్రం చూశాను.

మీరు జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్తూనే ఉంటారు. 1938లో ఆ నుమాయిష్‌ని మొదలుపెట్టింది బడా వ్యాపారులు కారు, ఉస్మానియాలో చదువు ముగించిన పట్టభద్రులు. మొదట పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా పెట్టారు, 1946లో నాంపల్లికి మార్చారు. దాని మీద వచ్చిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. ఆ మైదానంలోని సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అలా నడిచేదే. ఆ పట్టభద్రుల ఇళ్లలోనూ ఈ దుకాణాల గొడవ మనకెందుకురా అన్న తల్లులు ఉండే ఉంటారు.

కోచింగ్, ఇంటర్న్‌షిప్, వాలంటీర్ పనుల్లో ఏది మంచిదని అడిగారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. కోచింగ్ ఒక పనిముట్టు చేతికిస్తుంది. ఇంటర్న్‌షిప్ ఆ పనిముట్టుతో పని ఎలా చేస్తారో చూపిస్తుంది, దానికి మూడో సంవత్సరం సరైన సమయం. వాలంటీరింగ్ ఈ రెండింటికీ బదులు కాదు, ప్రోగ్రామింగ్ రాకుండా ఒక్క ఫెస్ట్ అనుభవంతో ఐటీ ఉద్యోగం రాదు. మూడూ ఒకేసారి చేయాల్సిన అవసరమూ లేదు.

వాలంటీరింగ్‌లోనూ నాకు భయమనిపించేది ఒకటి ఉంది. కొందరు పిల్లలకు ఆ సందడి అలవాటైపోతుంది. మెడలో ట్యాగ్ వేసుకుని తిరగడమే పనైపోతుంది. అందుకే రెండు హద్దులు పెట్టండి. అటెండెన్స్ 75 శాతానికి తగ్గకూడదు, బ్యాక్‌లాగ్ పడకూడదు. ఈ రెండింట్లో ఏది తప్పినా ఆ సెమిస్టర్‌కి ఫెస్ట్ పని బంద్. ఇంకోటి, ఈ ఏడాది టోకెన్లు ఇచ్చినవాడు వచ్చే ఏడాదీ టోకెన్లే ఇస్తానంటే ఒద్దనండి. లెక్కలు అడిగి తీసుకోమనండి. ఫెస్ట్ ఖర్చుల లెక్క రాసి, బిల్లులన్నీ జతచేసి, మిగిలిన డబ్బు పైసాతో సహా అప్పగించిన కుర్రాడికి సగం ఎంబీఏ అక్కడే అయిపోతుంది.

రాత్రి తొమ్మిది దాటాక వస్తున్నాడన్నారు. బస్సా, మెట్రోనా, ఎవరి బండి మీద వస్తున్నాడో అడగండి, అది మీరు అడగాల్సిందే. ఇంటికి రాగానే "ఎందుకింత లేటు" అనకుండా "ఇవాళ ఏది చెడిపోయింది, ఏం చేశావు" అని అడిగి చూడండి. మొదటి రోజు "ఏం లేదమ్మా" అంటాడు. మూడో రోజుకి చెప్పడం మొదలుపెడతాడు. ఫెస్ట్ ఎప్పుడో కనుక్కుని, వాడికి ముందే చెప్పి, మీరూ మీవారూ ఒక పూట వెళ్లి రండి. భోజనం కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి, మీ అబ్బాయి చేతి నుంచే టోకెన్ తీసుకోండి.