మ్యాప్ పాయింటింగ్ దాటాక జాగ్రఫీలో ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీలో జాగ్రఫీ తీసుకుంటానని పట్టుబడుతున్నాడు. నదులు, రాజధానులు బట్టీ పట్టడం తప్ప అందులో ఏముందండీ? ప్రపంచమంతా ఫోన్‌లోకి వచ్చేశాక కొత్తగా కనిపెట్టేదేముంటుంది? పైగా భౌతిక భూగోళం, మానవ భూగోళం అంటూ ఏవేవో శాఖలు చెబుతున్నాడు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు

జవాబు: బడిలో చదివిన జాగ్రఫీ అంటే చాలామందికి గుర్తుండేది ఆ బట్టీయేనమ్మా, మిమ్మల్ని తప్పుపట్టను. ఎక్కడ ఏముందో ఫోన్ చెబుతుంది. అక్కడే ఎందుకుంది, పక్కన ఎందుకు లేదు అంటే మాత్రం నోరు మెదపదు. మా జాగ్రఫీ వాళ్ల పని అక్కడే మొదలవుతుంది.

ఒక్క సంగతి కాస్త వివరంగా చెబుతాను. 2002లో గ్రేస్ పేరుతో రెండు ఉపగ్రహాలను పంపారు. ఒకదాని వెనుక ఒకటి, దాదాపు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. నేలను ఫొటోలు తీయడం వాటి పని కాదు. కింద బరువు ఎక్కువున్న చోటు దగ్గరపడేసరికి ముందున్నదాన్ని భూమి కొంచెం గట్టిగా లాగుతుంది, ఎడం పెరుగుతుంది. వెనకది కూడా అక్కడికి చేరేసరికి మళ్లీ తగ్గుతుంది. ఆ తేడా వెంట్రుక మందం కన్నా తక్కువున్నా పట్టేసేవి. నీళ్లు తగ్గితే అక్కడి బరువూ, ఆ లాగుడూ తగ్గుతాయి కాబట్టి, నెలనెలా లెక్కలు పోల్చి చూస్తే నీళ్లు గానీ మంచు గానీ ఎక్కడ తరిగిందో బయటపడేది. వాయవ్య భారతంలో భూగర్భజలం ఎంత వేగంగా తరిగిపోతోందో 2009లో ఈ కొలతలతోనే లెక్కగట్టారు.

ఇదంతా భౌతిక భూగోళం. మరి ఆ నీళ్లు తోడిందెవరు? అక్కడ వరే ఎందుకు వేస్తున్నారు? మద్దతు ధర, బోర్లకిచ్చే చవక కరెంటు, పొరుగు రైతు ఇంకా లోతుకు దించిన బోరు... ఇవేవీ పైనుంచి కనపడవు. ఊళ్లోకి వెళ్లి గట్టు మీద కూర్చుని అడగాల్సిందే. అది మానవ భూగోళం. అందుకే శాఖ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. చెరువు అడుగు మట్టిని పొరలుపొరలుగా తీసి, అందులోని పుప్పొడిని బట్టి వేల ఏళ్ల కిందటి అడవిని చెప్పేవాళ్లున్నారు. నగరంలో ఏ వీధి ఎక్కువ వేడెక్కుతోంది, అక్కడ ఉండేదెవరు అని చూసేవాళ్లున్నారు. మీవాడు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతాడో చూడండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకటి గట్టిగా అడగండి: పిల్లల్ని ఫీల్డ్‌వర్క్‌కి నిజంగా తీసుకెళ్తారా, లేక రికార్డు బుక్కులోనే కానిచ్చేస్తారా?

ప్రశ్న: కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ వస్తే చాలు కదా సార్, థియరీ పేపర్లు ఎందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: సాఫ్ట్‌వేర్ కష్టమేం కాదు బాబూ. క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసే నేల చిత్రాలూ 2008 నుంచి ఉచితమే. ఒక పని చెయ్యి. ఏదో ఒక జబ్బు లెక్కలు తీసుకుని జిల్లాలవారీగా రంగులెయ్యి. అవే లెక్కలు మండలాలవారీగా మళ్లీ వెయ్యి. మొదటి మ్యాపులో ఎర్రగా ఉన్న జిల్లాలో రెండోసారి ఒకట్రెండు మండలాలే ఎర్రగా మిగలొచ్చు. లెక్క మారలేదు, సరిహద్దు గీత మారింది. రెంటిలో ఏది చూపించాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు. ఆ గీతలు ఎవరు, ఎందుకు గీశారో రాయకుండా రంగుల మ్యాపు మాత్రం తెచ్చిచ్చేవాళ్లకు నేను సగం మార్కులే వేస్తాను.